విన్నవారే తేల్చాలి, తేల్చినవారు కారణం రాయాలి: మన సంఘం 2025 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు వరకు మన సంఘం చేసిన పనులను ప్రధాన కార్యదర్శిగా మీ ముందుంచుతున్నాను. మనలో ట్రిబ్యునల్ సభ్యులుగా పనిచేసి రిటైరైనవారున్నారు. ఆర్డీవోలుగా, జాయింట్ కలెక్టర్లుగా అప్పీళ్లు విన్నవారున్నారు. శాఖాపరమైన ఎంక్వైరీలు చేసినవారున్నారు, వారందరి ముందు వాదించిన న్యాయవాదులూ ఉన్నారు. నల్లకోటు వేసుకున్నా వేసుకోకపోయినా మన పని ఒకటే. సర్కారుకూ మనిషికీ మధ్య తగాదా వచ్చినప్పుడు ఇద్దరి మాటా విని, ఫైలు చూసి, ఉత్తర్వు రాయడం. సివిల్ కోర్టు గడప ఎన్నడూ తొక్కనివాళ్లు కూడా పాసుబుక్కు కోసమో, పింఛను కోసమో, పోయిన ఉద్యోగం కోసమో ఎప్పుడో ఒకసారి మనలాంటివారి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. వాళ్లకు అదే కోర్టు, మనమే జడ్జీలం.

ఈ ఏడాది మన పనంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది. ఓడిపోయిన మనిషి చేతిలో పెట్టే కాగితంలో, ఎందుకు ఓడిపోయాడో రాసి ఉండాలి. అందుకే మిగతా పనులకంటే ముందు ఉత్తర్వు రాత శిక్షణ గురించి చెబుతాను.

ఉత్తర్వు రాత శిక్షణ

ఈ శిక్షణ ఆలోచన వచ్చింది ఏప్రిల్‌లో. తెలంగాణలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు 2020 పాసుబుక్కుల చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసిన సంగతి మీకు తెలుసు. అప్పటికి పెండింగ్‌లో ఉన్న వేల కేసులను జిల్లాల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లకు మార్చారు. చాలాచోట్ల కక్షిదారుల మాట వినకుండానే అవి ముగిసిపోయాయి. వాళ్లకు విచారణ అవకాశం ఇవ్వాల్సిందేనని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ధరణి కాలమంతా పట్టా తగాదా ఉందంటే సివిల్ కోర్టుకు వెళ్లమనడమే తప్ప, మండలంలోనో డివిజన్‌లోనో కూర్చుని వినే అధికారి లేడు. భూభారతితో అప్పీలు మళ్లీ ఆర్డీవో దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి వచ్చింది. సంతోషమే. కానీ 2020 తర్వాత ఆ కుర్చీల్లోకి వచ్చిన అధికారుల్లో చాలామంది ఒక్క పట్టా తగాదానూ విని ఉత్తర్వు రాసి ఎరగరు. చట్టం అధికారాన్ని ఒక్క రోజులో తిరిగి ఇవ్వగలదు. అలవాటు అలా రాదు.

అందుకని రెండో శనివారాల్లో మనం కూర్చున్నాం. ఆసక్తితో, సొంత ఖర్చుతో వచ్చిన తహసీల్దార్లు, డిప్యూటీ కలెక్టర్లు, ఎంక్వైరీ ఆఫీసర్లు మనతో కూర్చున్నారు. వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. పాత ఉత్తర్వులు తీసి, పేర్లు కొట్టేసి, చేతికిచ్చి తిరగరాయమన్నాం. మొదటి రోజు ఎవరి ఉత్తర్వు ఇవ్వాలా అని కార్యవర్గం తటపటాయిస్తుంటే నాది ఇచ్చాను. ఆ సంగతి ఇక్కడ వివరంగా రాయాలనిపిస్తోంది.

ఉమ్మడి రాష్ట్రంలో నేను కొత్తగా ఆర్డీవోగా ఉన్నప్పుడు ఒక వితంతువు అప్పీలు వేసింది. భర్త పేరిట ఉన్న రెండెకరాల పది సెంట్ల భూమి ఆయన పోయాక మరుదుల పేరిట మారిపోయిందని ఆమె ఫిర్యాదు. ఆ రోజు నా ముందు చాలా కేసులున్నాయి. నేను రాసిన ఉత్తర్వు మూడే వాక్యాలు: “ఇరుపక్షాల వాదనలు వినడమైనది. రికార్డులు పరిశీలించడమైనది. అప్పీలులో పస లేనందున కొట్టివేయడమైనది.” అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్లం. కాగితం అందుకున్నాక ఆమె వెళ్లిపోలేదు. బంట్రోతు వద్దంటున్నా గుమ్మం దగ్గర ఆగి, “అయ్యా, నేనిచ్చిన శిస్తు రసీదులు చూశారా?” అని అడిగింది. ఎందుకు ఓడిపోయానని అడగలేదు. చూశారా అని మాత్రమే అడిగింది. చూశానమ్మా అన్నాను. నిజానికి తిరగేశానే గానీ చదవలేదు.

ఆమె రివిజన్ వేసింది. ఉత్తర్వులో కారణాలు లేవంటూ జాయింట్ కలెక్టర్ గారు కేసును రిమాండ్ చేశారు, అంటే మళ్లీ విని తేల్చమని వెనక్కి పంపారు. అది మళ్లీ ఆర్డీవో బల్ల మీదికి వచ్చేసరికి రెండేళ్లు గడిచాయి. అప్పటికి నాకు బదిలీ అయింది. ఆ రిమాండ్ ఉత్తర్వు నకలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆమె ఏయే కాగితాలు దాఖలు చేసిందో అందులో వరసగా ఉంది కాబట్టే, ఇన్నేళ్ల తర్వాత దాన్ని శిక్షణకు వాడగలిగాం.

తిరగరాసినవారికి మనం పెట్టిన షరతు ఒక్కటే. ఫలితం మొదట రాయకూడదు. ఎవరు ఏం అడిగారు, ఏ కాగితం చూపారు, అవతలివారు ఏమన్నారు, దానికి ఆధారం ఏమిటి, ఇవి రాసిన తర్వాతే ముగింపు. ఒక యువ తహసీల్దార్ రాసింది ఇది:

“అప్పీలుదారు తన భర్త పేరిట ఉన్న భూమిని ప్రతివాదుల పేరిట మ్యుటేషన్ చేయడం చెల్లదంటున్నారు. భర్త పేరిట ఉన్న మూడు శిస్తు రసీదులు, ఆయన మరణ ధ్రువపత్రం దాఖలు చేశారు. ప్రతివాదులు ఇరవై ఏళ్ల కిందట నోటిమాటగా పంపకాలు జరిగాయన్నారు. అందుకు కాగితం గానీ, సాక్షిని గానీ చూపలేదు. మ్యుటేషన్‌కు ముందు అప్పీలుదారుకు నోటీసు అందినట్టు తహసీల్దార్ ఫైలులో సంతకం లేదు. కాబట్టి...”

ఆ “కాబట్టి” దగ్గర ఆయన కలం ఆపి నా వైపు చూశారు. గదిలో అందరికీ అర్థమైంది. ఆ అయిదు వాక్యాల తర్వాత “అప్పీలు కొట్టివేయడమైనది” అని రాయడం కుదరదు. నేనిచ్చిన ఫలితమే తప్పు. కారణం రాయడానికి కూర్చుని ఉంటే ఆ రోజే నాకు తెలిసేది. కారణాలు ఓడిపోయినవారి ఊరట కోసమని, పైకోర్టు వెసులుబాటు కోసమని మనం అనుకుంటాం. అసలు అవసరం రాసేవాడికే. మనసులో ముందే కుదురుకున్న నిర్ణయం కాగితం మీద నిలబడుతుందో లేదో తేలేది అక్కడే.

క్రాంతి అసోసియేట్స్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రబ్బరు స్టాంపు లాంటి కారణాలు కారణాలు కావని, అధికారిని అదుపులో ఉంచేది కారణం రాయాల్సి రావడమేనని. ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో 1990లో రాజ్యాంగ ధర్మాసనమూ చెప్పింది. ఉత్తర్వులో రాయని కారణాన్ని తర్వాత కౌంటర్ అఫిడవిట్‌లో చేర్చి గట్టెక్కలేమని మొహీందర్ సింగ్ గిల్ కేసు తేల్చి దాదాపు అర్ధశతాబ్దం అవుతోంది. అయినా “స్పీకింగ్ ఆర్డర్ (కారణాలు చెప్పే ఉత్తర్వు) ఇవ్వండి” అంటూ రిమాండ్ అయ్యే కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒక్కో రిమాండ్ వెనకా ఎవరివో రెండేళ్లు పోతున్నాయి.

వచ్చిన అధికారులు చెప్పిన ఇబ్బందినీ దాచకూడదు. ప్రోటోకాల్, ఎన్నికలు, ధాన్యం కొనుగోళ్లు, వరదలు, వీడియో కాన్ఫరెన్సులు, వీటన్నిటి మధ్య వారంలో ఒక పూట కూడా కోర్టుకు దక్కదని అన్నారు. వాయిదా వేయడానికి కారణం దొరుకుతుంది గానీ కారణం రాయడానికి సమయం దొరకదని ఒకరన్నారు. అది నిజం. వారంలో ఒక రోజును విచారణలకే కేటాయించి, ఆ రోజు వేరే సమావేశాలు పెట్టకుండా చూడాలని కోరుతూ రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలకూ విజ్ఞప్తులు పంపాం. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ రాస్తాం.

మన నేల నుంచి వెళ్లిన కేసులు

శిక్షణ పూటలకు మధ్యలో నాలుగు పాత కేసుల మీద చర్చలు పెట్టాం. ఈ నాలుగూ ఎంచుకోవడానికి కారణముంది. దేశమంతా చదివే పరిపాలనా న్యాయంలో మన తెలుగు నేల నుంచి వెళ్లినవి ఎన్ని ఉన్నాయో మనలోనే చాలామందికి గుర్తులేదు.

మొదటిది గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు. కృష్ణా జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాటిని విన్నది శాఖ సెక్రటరీ, స్కీముకు ఆమోదముద్ర వేసింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ వినడం ఉత్త తంతే అవుతుందని మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. అంతకు నాలుగేళ్ల ముందు గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నది ఆయనే. ఆ తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. నాగేశ్వరరావు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్తే 1959లో ఆ విచారణ చెల్లుతుందని కోర్టు అంది. మన సభలో ఎక్కువసేపు చర్చ జరిగింది ఈ రెండో కేసు మీదే. విన్నవాడే తేల్చాడు, సరే. కానీ తన ప్రభుత్వం తెచ్చిన స్కీముకు తానే పెద్దగా కూర్చోవచ్చా? మన సీనియర్ సభ్యులు ఇద్దరు మధ్యాహ్న భోజనం దాకా వాదించుకున్నారు. నా మట్టుకు నాకు ఆ రెండో తీర్పుతో ఇప్పటికీ సమాధానం కుదరదు.

రెండోది పి. సాంబమూర్తి కేసు. ఆరు సూత్రాల పథకం తర్వాత 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం వచ్చింది, దాని కింద ఉద్యోగుల కోసం ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ వచ్చింది. ఆ అధికరణంలోనే ఒక మెలిక ఉంది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ప్రభుత్వం ఒప్పుకున్నాకో, మూడు నెలలు గడిచాకో గానీ అమల్లోకి రాదు. ఈలోపు ప్రభుత్వం ఆ తీర్పును మార్చనూ వచ్చు, రద్దు చేయనూ వచ్చు. ఓడిన పక్షమే తీర్పును చించేయగలదన్నమాట. 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని కొట్టేసింది. చట్టబద్ధ పాలనకే అది విరుద్ధమంది. అప్పట్లో ఏపీఏటీలో జూనియర్‌గా ఉన్న ఒక సభ్యులు, గెలిచాక కూడా క్లయింటుకు శుభవార్త చెప్పడానికి మూడు నెలలు ఆగాల్సి వచ్చేదని గుర్తుచేసుకున్నారు.

మూడోది సాకినాల హరినాథ్ కేసు. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లే దారిని మూసేయడం చెల్లదని 1993లో మన హైకోర్టు ఫుల్‌బెంచ్ చెప్పింది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ దారినే నిలబెట్టింది. ఈ రోజు కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్ అయిన క్యాట్‌లో ఓడినవారు హైకోర్టు డివిజన్ బెంచ్‌కు వెళ్లగలుగుతున్నారంటే దాని వెనక ఆ ఫుల్‌బెంచ్ ఉంది.

నాలుగోది హైదరాబాద్ ఈసీఐఎల్‌కు చెందిన బి. కరుణాకర్ కేసు, 1993. ఎంక్వైరీ ఆఫీసర్ ఒకరు, శిక్ష వేసే అధికారి మరొకరు అయినప్పుడు, శిక్ష వేసే అధికారి నిర్ణయానికి రాకముందే ఎంక్వైరీ రిపోర్టు నకలు ఉద్యోగికి ఇచ్చి తీరాలని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. డిఫెన్స్ అసిస్టెంట్లుగా తిరిగే యూనియన్ మిత్రులకు ఈ కేసు పేరు నోటికి వచ్చు. ఏ ఊరి కేసో మాత్రం చాలామందికి మన సభలోనే తెలిసింది.

ఏపీఏటీ ఇప్పుడు లేదు. విభజన తర్వాత ముందు తెలంగాణ, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ దాని నుంచి తప్పుకున్నాయి. కేసులన్నీ హైకోర్టులకు వెళ్లాయి. తిరిగి పెట్టాలా వద్దా అన్నదానిపై మన సభ్యుల్లో ఏకాభిప్రాయం లేదు. సంఘం తరఫున తీర్మానం చేయలేదు. హైకోర్టులో సర్వీసు రిట్ వేసిన కిందిస్థాయి ఉద్యోగి ఖర్చు చూస్తే ట్రిబ్యునల్ ఉంటేనే మేలని నా అభిప్రాయం. ఇది కార్యదర్శి మాటే, సంఘం మాట కాదు.

నవంబరు 19 తీర్పు

ట్రిబ్యునళ్ల సంస్కరణల చట్టం, 2021లోని నియామకాల, పదవీకాల నిబంధనలను 2025 నవంబరు 19న సుప్రీంకోర్టు కొట్టేసింది. మద్రాస్ బార్ అసోసియేషన్ వేసిన కేసు ఇది. అదే సంఘం పదిహేనేళ్లుగా ఒకే మాట మీద కోర్టుకు వెళ్తోంది. 2010లో, 2014లో, 2020లో, 2021లో, ఇప్పుడు మళ్లీ. అంత ఓపికకు మన సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

సభ్యులకు నాలుగేళ్లే పదవీకాలం, యాభై ఏళ్లు నిండితేనే అర్హత అన్న నిబంధనలను కోర్టు 2021 జులైలోనే తప్పుబట్టింది. ఆగస్టులో పార్లమెంటు దాదాపు అవే మాటలతో చట్టం చేసింది. తీర్పు ఎత్తిచూపిన లోపాన్ని సరిచేయకుండా తీర్పునే దాటేయడం కుదరదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్, జస్టిస్ వినోద్ చంద్రన్ ధర్మాసనం ఇప్పుడు చెప్పింది. నాలుగు నెలల్లో జాతీయ ట్రిబ్యునళ్ల కమిషన్ ఏర్పాటు చేయాలని కూడా ఆదేశించింది.

డిసెంబరు సమావేశంలో ఈ తీర్పును పేరా పేరా చదివాం. క్యాట్‌లో సభ్యులుగా చేసిన ఒక పెద్దాయన చెప్పిన మాట ఇక్కడ రాయకుండా ఉండలేను. మొదటి ఏడాది పని నేర్చుకోవడానికే సరిపోతుందని, రెండో ఏడాది, మూడో ఏడాది బాగా చేస్తామని, నాలుగో ఏడాది వచ్చేసరికి తర్వాత ఏం చేయాలా అన్న ఆలోచన మనసులో ఒక మూల తిరుగుతూనే ఉంటుందని ఆయన అన్నారు. రేపు తనకు పదవి ఇవ్వాల్సినవారే ఇవాళ తన ముందు ప్రతివాది. తాను ఎన్నడూ ఒరగలేదన్న నమ్మకం ఆయనకుంది. కానీ కేసు వేసిన ఉద్యోగికి ఆ నమ్మకం ఎలా కలుగుతుందని ఆయనే అడిగారు.

అమెరికా విచారణ జడ్జీల మీద ఒక పూట

మనలాంటి పనే చేసే అమెరికా అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జీల గురించి ఆగస్టులో ఒక పూట మాట్లాడుకున్నాం. అక్కడ ప్రాక్టీసు చేస్తున్న ఒక తెలుగు న్యాయవాది జూమ్‌లో కలిశారు. తల్లిదండ్రుల కోసమో, తమకోసమో సోషల్ సెక్యూరిటీ వికలాంగ భృతికి దరఖాస్తు పెట్టిన తెలుగువారు కూడా ఇలాంటి జడ్జీ ముందుకే వెళ్తారని, అక్కడి జడ్జీల్లో ఎక్కువమంది ఆ ఒక్క సంస్థలోనే ఉన్నారని చెప్పారు.

మనకు పనికొచ్చేది వాళ్ల 1946 చట్టం. జడ్జీ ఏ శాఖలో పనిచేస్తాడో ఆ శాఖ అతని పనికి గ్రేడు ఇవ్వకూడదు. కేసులు వీలైనంతవరకు వరస ప్రకారమే పంచాలి, ఏరి ఇవ్వకూడదు. సరైన కారణం ఉందని వేరే బోర్డు విచారించి తేలిస్తేనే ఉద్యోగం నుంచి తీయాలి. మొదట్లో వాళ్లను విచారణ పరీక్షకులు అనేవారు, 1972లో జడ్జీ అన్న పేరు వచ్చింది. దశాబ్దాలుగా వాళ్లకు సొంత వృత్తి సంఘాలున్నాయి. ఏటా శిక్షణలు పెట్టుకోవడం, స్వతంత్రత కోసం మాట్లాడటం వాటి ప్రధానమైన పని. మనం నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది.

అయితే అక్కడా గాలి మారుతోంది. 2018లో లూసియా కేసు తర్వాత నియామకాల పద్ధతి మారి, పోటీ పరీక్ష స్థానంలో శాఖాధిపతి ఎంపిక వచ్చింది. 2024లో జార్కెసీ కేసులో, సెక్యూరిటీల మోసానికి సివిల్ జరిమానా వేయాలంటే జ్యూరీ ముందుకు వెళ్లాల్సిందేనని వాళ్ల సుప్రీంకోర్టు అంది. 2025 ఫిబ్రవరిలో, ఈ జడ్జీల తొలగింపుకు ఉన్న అంచెలంచెల రక్షణలను ఇక సమర్థించబోమని వాళ్ల న్యాయశాఖ ప్రకటించింది. ఎనభై ఏళ్ల నుంచి ఉన్న గోడ అది. మనకు ఇంకా కట్టనే లేదు. మన ఎంక్వైరీ ఆఫీసర్ పనితీరు మీద వార్షిక రిపోర్టు రాసేది, చాలాసార్లు, ఛార్జ్ మెమో (అభియోగపత్రం) మీద సంతకం పెట్టిన అధికారే.

సహాయ కేంద్రం

ప్రతి బుధవారం సాయంత్రం న్యాయవాద సభ్యులు వంతులవారీగా కూర్చున్నారు. రుసుము లేదు. వచ్చినవారిలో ఎక్కువమంది కేంద్ర ప్రభుత్వ కిందిస్థాయి ఉద్యోగులు, పింఛనుదారులు, గ్రామీణ డాక్ సేవకులు. డాక్ సేవకుల తగాదాలు క్యాట్‌కే వెళ్తాయని, 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు వాళ్లది సివిల్ పోస్టేనన్నదని చాలామందికి తెలియదు. లేబర్ కోర్టు, హైకోర్టు అంటూ తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోతోంది.

గడువు లెక్కే ఈ కేంద్రంలో మేం ఎక్కువగా చెప్పిన పాఠం. తుది ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఏడాది లోపు ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అసలు దరఖాస్తు) వేయాలి. అప్పీలో, విజ్ఞప్తో పెట్టుకుని జవాబు రాకపోతే ఆరు నెలలు చూడాలి, అవి గడిచాక ఏడాది. 2024 జనవరి 10న విజ్ఞప్తి పెట్టినవారికి జులై 10తో ఆరు నెలలు నిండుతాయి, అక్కడి నుంచి 2025 జులై దాకా గడువు. ఆ తర్వాత ఎన్ని విజ్ఞప్తులు పెట్టినా గడువు మళ్లీ పుట్టదు. ఒకాయన తొమ్మిది విజ్ఞప్తుల రిజిస్టర్డ్ పోస్టు రసీదులు రబ్బరు బ్యాండు వేసి తెచ్చారు. ప్రతిదీ తేదీ వరసలో ఉంది, ఒక్కటి కూడా నలగలేదు. మొదటిదాని గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యం మన్నించమని ఎంఏ (అనుబంధ దరఖాస్తు) వేయించాం. ఫలితం ఇంకా రాలేదు. మొదటి విజ్ఞప్తి రోజే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అందుకే ఆ లెక్కను ఒక పేజీ తెలుగు కరపత్రంగా వేసి, యూనియన్ ఆఫీసుల్లో గోడలకు అంటించాం. దరఖాస్తు రుసుము యాభై రూపాయలేనని, వకీలు లేకుండా సొంతంగానూ వాదించుకోవచ్చని అందులో పెద్ద అక్షరాల్లో వేశాం.

తెలుగు పదకోశం

ఇది పూర్తికాలేదు. నిరుడు మాట ఇచ్చి ఈ ఏడాదీ నిలబెట్టుకోలేకపోయాం, అందుకు కార్యదర్శిగా క్షమాపణ కోరుతున్నాను.

అడ్డుపడింది సోమరితనం కాదు, పదాలే. ‘స్పీకింగ్ ఆర్డర్’కు ‘కారణసహిత ఉత్తర్వు’ అని కొందరు, ‘కారణాలు చెప్పే ఉత్తర్వు’ అని కొందరు. మొదటిది ఫైలులో బాగుంటుంది, రెండోది రైతుకు అర్థమవుతుంది. రెండోదానికే నా ఓటు. ‘డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్’కు ‘గైర్హాజరు వల్ల కొట్టివేత’ అన్నది అందరూ ఒప్పుకున్నారు. రికార్డుల పేర్ల దగ్గరే రెండు రాష్ట్రాలకు పొత్తు కుదరలేదు. ఇటు తెలంగాణలో పహాణీ, అటు ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్. ఇటు సేత్వార్, ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ. అటు ఆర్‌ఎస్‌ఆర్. చివరికి ఏదీ అనువదించకూడదని, ఆ ఊరి మాటనే ఉంచి పక్కన అర్థం రాయాలని నిర్ణయించాం. ఉర్దూ నుంచి వచ్చినా, ఇంగ్లీషు నుంచి వచ్చినా, రైతు నోట మూడు తరాలు నలిగిన మాట తెలుగు మాటే.

1966 నుంచీ తెలుగు మనకు అధికార భాష. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూతగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది కూడా. హైకోర్టు రాయగలిగినప్పుడు తహసీల్దార్ ఎందుకు రాయలేడు? శిక్షణలో తెలుగులో రాసినవారి ఉత్తర్వులే స్పష్టంగా వచ్చాయన్నది మేం కళ్లారా చూశాం. ఇంగ్లీషులో పాత నమూనా వాక్యాలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. తెలుగులో రాయాలంటే ఆలోచించక తప్పదు.

మిగతా విషయాలు

విజయవాడ, వరంగల్ సమావేశాలు అక్టోబరు వర్షాల వల్ల వాయిదా పడ్డాయి, ఫిబ్రవరిలో జరుపుతాం. ఇద్దరు సీనియర్ సభ్యులను ఈ ఏడాది కోల్పోయాం. ఒకరి కుటుంబం ఆయన దాచుకున్న ఆంధ్రా లా టైమ్స్ సంపుటాలన్నీ మన గ్రంథాలయానికి ఇచ్చింది. మార్జిన్లలో ఆయన పెన్సిల్ రాతలున్నాయి, వాటిని తుడపవద్దని గ్రంథాలయం చూసే మిత్రులకు చెప్పాను. జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో ఈ నివేదికకు జతచేశాం. చందా బకాయి ఉన్నవారు సర్వసభ్య సమావేశం లోపు కోశాధికారికి చెల్లించగలరు. సహాయ కేంద్రానికి మరో ఇద్దరు న్యాయవాదులు కావాలి, నెలకు ఒక బుధవారం ఇస్తే చాలు.

వచ్చే ఏడాది శిక్షణను శాఖాపరమైన ఎంక్వైరీ రిపోర్టులకు విస్తరించాలని కార్యవర్గం నిర్ణయించింది. దానికి సామగ్రి మీ దగ్గరే ఉంది. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు, మీరు కుర్చీలో ఉన్న రోజుల్లో రాసిన ఉత్తర్వు ఒకటి, ఇప్పుడు చదివితే మనసు ఒప్పనిది, పేర్లు కొట్టేసి నకలు తీసి తీసుకురండి. మధ్యాహ్నం రెండు గంటలకు బల్లల దగ్గర కూర్చుని తిరగరాద్దాం. తెల్లకాగితాలు, పెన్నులు సంఘమే ఇస్తుంది.

మీ విధేయుడు,
ప్రధాన కార్యదర్శి